ఉరకమన్నారు, ఉరికాను

ఫైర్ సర్వీసులో చేరాలనుకునేవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "మీరు ఎట్లా తయారయ్యారు సార్?" అని అడుగుతుంటారు. పొద్దున్నే మైదానం చుట్టూ పరుగులు తీసేవాళ్లు, టేపుతో ఛాతీ కొలుచుకునేవాళ్లు వాళ్లంతా. వాళ్లకు నేను చెప్పగలిగిన నిజం ఒక్కటే. నేను తయారైన ఉద్యోగం వేరు, నాకు దొరికిన ఉద్యోగం వేరు. ఇది చెబితే నమ్మరు. చెప్పకపోతే, చిన్నప్పటి నుంచే మంటల్ని చూసి పళ్లు కొరికేవాణ్ణని అనుకుంటారు. అందుకని రాసి పెడుతున్నాను. ప్రమోషన్లు, బదిలీలు ఇందులో లేవు. వాటిలో నాకూ ఆసక్తి లేదు, డిపార్టుమెంటుకూ లేకుండేది.

రిటైరైనవాళ్ల అనుభవాల్లో తప్పులన్నీ పైవాళ్లే చేస్తుంటారు. ఇందులో అందరం సమానంగా చేశాం.

బొగ్గు వేసే ఉద్యోగం

రెండు రాష్ట్రాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త. హైదరాబాదులో బీఏ ప్యాసై జడ్చర్లకు తిరిగొచ్చి, మా నాయిన పల్లికాయల దుకాణంలో బస్తా మీద కూర్చున్నాను. నా చదువు ఉర్దూలో మొదలై, నడుమ ఇంగ్లీషులోకి మారి, చివరికి తెలుగును కలుపుకుంది. మూడు భాషల్లోనూ సమానంగా తడబడే అర్హత సంపాదించాను. ఆ రోజుల్లో మా దిక్కు బీఏ చదివినవాళ్లు తక్కువ. బీఏ చదివి బస్తా మీద కూర్చున్నవాళ్లు ఇంకా తక్కువ.

అప్పటికే పెళ్లయింది. భార్య సుగుణ నల్లగొండ దిక్కు రామన్నపేటలో పుట్టింట్లోనే ఉంది. తీసుకొద్దామని పోతే మా మామగారు మంచం వాల్చి, మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా చెప్పాడు.

"నౌకరి దొరికినంక రా అల్లుడా. నేనే తోలిస్త. ఇప్పుడైతె బస్తా మీద ఇద్దరు కూసునే జాగ లేదు గద."

మర్యాదస్తుడు. తోలియ్యనని అనలేదు, జాగా లేదన్నాడు.

అట్లా ఉండగా ఒకరోజు ఇంగ్లీషు పత్రికలో 'ఫైర్‌మన్' ఉద్యోగాల ప్రకటన కనిపించింది. కోటు వేసుకుని కూర్చునే ఉద్యోగమా, కోటు విప్పి చేసే ఉద్యోగమా తెలియలేదు. మా వాడలో రైల్వేలో పట్టాల పని చేసే ఎల్లయ్య మామ ఉండేవాడు. ఆయన్ను అడిగాను.

"ఫైర్‌మనా? గది మా రైల్వే నౌకరే గదరా!" అన్నాడు. "ఇంజన్ల బొగ్గేసుడు. డ్రైవర్ పక్కపొంటి నిలవడాలె, నిప్పు సల్లారకుంట సూస్కోవాలె. నిప్పు సల్లారిందా, నీ నౌకరి పాయె."

ఇందులో అనుమానించాల్సింది నాకేమీ కనిపించలేదు. ఫైర్ అనే మాట మేం విన్నది రైలింజను దగ్గరే. ఇల్లు అంటుకుంటే దాన్ని మేం ఫైర్ అనేవాళ్లం కాదు. 'అగ్గి వడ్డది' అనేవాళ్లం. బిందెలు పట్టుకుని ఊరంతా ఉరికేది. ఆ పనికి నెల జీతం ఇస్తారని ఎవరికి తెలుసు?

దరఖాస్తు పెట్టి, తయారవడం మొదలుపెట్టాను. ఎల్లయ్య మామ ఒక పార ఇచ్చి మా పశువుల కొట్టం గోడకున్న కంత చూపించాడు. దూరం నుంచి ఇసుకను పారతో ఆ కంతలోకి విసరాలి. విసిరాను. అవతల మా బర్రె ఉంది. దానికి ఈ ఉద్యోగం మొదటి నుంచీ ఇష్టం లేదు.

చేయి కుదిరాక ఎడ్లబండి తెచ్చాడు.

"రైలు నిలవడి ఉంటదా? ఊగుతది. ఊగుకుంట ఎయ్యాలె" అని నన్ను బండెక్కించి, ముందర ఒక గంప కట్టి, తానే బండి తోలాడు. గంపలో పడింది కొంచెం, ఎల్లయ్య మామ వీపు మీద పడింది చాలా. రైల్వే మనిషి కనుక ఆయన లెక్క చేయలేదు. బజారు వెంబడి మేం అట్లా పోతుంటే దుకాణాల వాళ్లు మా నాయినను పట్టుకున్నారు.

"ఏం ఆశన్నా, కొడుకు బీఏ సదివిండంటివి, బండి మీద మన్ను వోస్తుండు?"

"పెద్ద సదువు గద" అన్నాడు నాయిన. "మనకు సమజ్ గాదు."

కొలవడమా, ఆర్పడమా

కొన్నాళ్లకు రమ్మని కార్డు వచ్చింది. రాసిందంతా ఇంగ్లీషే గానీ కింద తెలుగులో ఒక ముద్ర ఉంది, 'అగ్నిమాపక దళం' అని.

ఇక్కడ నా చదువు నాకు అడ్డం వచ్చింది. ఉష్ణమాపకం అంటే వేడిని కొలిచేది. కనుక అగ్నిమాపకం అంటే నిప్పును కొలిచేది. ఎల్లయ్య మామకు ఈ సంగతి చెబితే, "ఇంజన్ల గడియారం లెక్క ఒకటుంటది, గది సూసుడేమో" అన్నాడు. మా అమ్మ 'మాపు' అన్న మాట పట్టుకుంది. మాపు అంటే మాకు సాయంత్రం. "మాపటి డ్యూటీ ఉన్నట్టుంది, తినే పోవాలె" అన్నది. ముగ్గురం మూడు రకాలుగా అర్థం చేసుకుని, ముగ్గురం సంతోషించాం.

కార్డు చూపించడానికి రామన్నపేట పోయాను. మామగారు దాన్ని వెనకా ముందూ చూసి, "దొరికినంక సూపియ్యి" అని ఇచ్చేశాడు. సుగుణ మాత్రం వాకిట్లో నిలబడి కింది ముద్రను శ్రద్ధగా చదివింది. ఆమె చదువు అంతా తెలుగే.

"ఇంతకు మీరు ముట్టిచ్చెటోళ్లా, ఆర్పెటోళ్లా?" అని అడిగింది.

"కొలిచెటోన్నేమో అనుకుంటున్న."

"కొలిచి ఏం జేస్తరు?"

"ఎక్కువైతె చెప్తమేమో."

"ఎవలికి?"

"ఆర్పెటోళ్లకు."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. "మరి సక్కగ ఆర్పెటోళ్ల కాడనే నౌకరి సూసుకోరాదుండ్రి? మాపుడంటె తుడిచేసుడు. పలక మాపుతం సూడు, గట్ల. అగ్గిని మాపుడు."

అంతే. నేను వారాల తరబడి బర్రె మీద ఇసుక పోసి నేర్చుకున్న విద్యకు సరిగ్గా వ్యతిరేకమైన ఉద్యోగానికి నన్ను పిలిచారన్నమాట.

"ఏదైతేంది, జల్ది తెచ్చుకోండ్రి" అన్నది సుగుణ. "మా వదినె రోజు సతాయిస్తుంది. 'మీ ఆయిన ఇంజన్ ఏ టేషన్ల ఆగిందే' అంటది."

కొత్తవాళ్లకు ఒక మాట. ఉద్యోగానికి తయారయ్యే ముందు ఆ ఉద్యోగం ఏమిటో కనుక్కోండి. ఇది చిన్న సలహానే. నాకు ఎవరూ ఇవ్వలేదు.

బల్లకు అవతలి తెలుగు

పరీక్ష జిల్లా కేంద్రంలో. ఆ స్టేషన్ పేరు రాయను. అప్పటికది ఒక రేకుల షెడ్డు, ఒక ఎర్ర మోటారు, ఒక పాత రెండంతస్తుల గోదాం. ఆఫీసరు వెంకటరత్నం గారు బందరు వైపు నుంచి కొత్తగా వచ్చారు. నిక్కచ్చి మనిషి, చొక్కాకు ముడత ఉండేది కాదు. ఆయన పక్కన కరీం సాబ్ అని హైదరాబాదు నుంచి వచ్చిన పాత ఫైర్‌మన్. ఆఫీసరు గారి తెలుగు కరీం సాబ్‌కు సగం అర్థమయ్యేది, కరీం సాబ్ ఉర్దూ ఆఫీసరు గారికి అసలు అర్థమయ్యేది కాదు. స్టేషన్ ప్రశాంతంగా నడిచేది.

నన్ను లోపలికి పిలిచి ఆఫీసరు గారు సూటిగా అడిగారు.

"ఏవయ్యా, ఇల్లు తగలబడుతోందని కబురొచ్చింది. ముందేం చేస్తావ్?"

"ఉరుకుత సార్."

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఎక్కడికి?"

"ఆ ఇంటికే సార్."

"మంటల్లో ఉన్న ఇంట్లోకి?"

"అవును సార్. ఆలస్యం చెయ్యొద్దు గద."

"ఊఁ. నీళ్లు లేవనుకో. పక్కన నుయ్యి ఉంది. అప్పుడో?"

నుయ్యి అంటే ఏమిటో నాకు తెలియదు. మాకు బాయి తెలుసు. నా చివరి తరగతుల తెలుగు అంత లోతుకు దిగలేదు. ఏదో పనిముట్టు అయి ఉంటుందనుకున్నాను.

"దాని దిక్కు ఉరుకుత సార్."

"నూతిలోకి కూడా ఉరుకుతావా?"

"ఎంత దూరమున్న ఉరుకుత సార్."

ఆఫీసరు గారు కరీం సాబ్ వైపు తిరిగి, "ఈ కుర్రాడికి ప్రాణమంటే లెక్కలేదయ్యా" అన్నారు. కరీం సాబ్‌కు ఇందులో వింతేమీ కనిపించలేదు. "ఉరికెటోళ్లే కావాలె సాబ్ మనకు" అన్నాడు.

నేను బయటికొచ్చేసరికి నా పరువు చాలా పెరిగింది. ఎందుకు పెరిగిందో అర్థం కాలేదు. ఇప్పుడు కారణం తెలుసు కనుక మీకూ చెప్పేస్తాను. మా పాలమూరు, నల్లగొండల్లో ఉరకడమంటే పరుగెత్తడం. పై నుంచి కిందికి పడేది దుంకడం. ఆఫీసరు గారి ఊళ్లో ఉరకడమంటేనే దూకడం. అక్కడ పిల్లలు వేసవిలో కాలువల్లోకి ఉరుకుతారు. ఆయన దృష్టిలో నేను మంట కనిపిస్తే మంటలోకి, బావి కనిపిస్తే బావిలోకి దూకేసే మనిషిని. అంత ధైర్యవంతుణ్ణి ఆయన సర్వీసులో చూసి ఉండరు.

మిద్దె మీద

ఆ తర్వాత పరీక్షకు వచ్చినవాళ్లందరినీ గోదాం పైకెక్కించారు. నా పక్కన కొల్లాపూర్ నుంచి వచ్చిన బాలస్వామి ఉన్నాడు. కృష్ణలో ఈది పెరిగినవాడు. ఈత పరీక్ష ఉంటుందని ఎవరో చెబితే లాగు కూడా తెచ్చుకున్నాడు. ఆ మిద్దె మీద ఈత ఎక్కడ పెడతారా అని పొద్దున్నుంచీ చూస్తున్నాడు.

కింద కొందరు ఒక మందపాటి కాన్వాసు గుడ్డను చుట్టూ పట్టుకుని నిలబడ్డారు. కరీం సాబ్ దాన్ని చాదర్ అనేవాడు. పై నుంచి దూకినవాళ్లను పట్టడానికి అది ఉందని ఇప్పుడు పసిపిల్లలకూ తెలుసు. మేం అటువంటిది అంతకు ముందు చూడలేదు.

"ఏంది గది?" అన్నాను.

"వానకు తడిసినట్టుంది, ఆరవెడుతున్నరు" అన్నాడు బాలస్వామి.

కింద నుంచి ఆఫీసరు గారు చేయి ఊపి, గట్టిగా "ఉరుకు!" అన్నారు.

బాలస్వామి ఉరికాడు. మెట్ల మీదుగా దిగి, తలుపులోంచి బయటపడి, ఆఫీసరు గారిని దాటి, గేటు దాకా పోయి, తిరిగొచ్చి సెల్యూట్ చేశాడు. ఆఫీసరు గారు అతని వైపు చూడలేదు. తలెత్తి, "తర్వాత!" అన్నారు.

తర్వాత నేను. పరుగులో బాలస్వామిని మించాలన్నది తప్ప నా మనసులో ఇంకేమీ లేదు. మించాను.

"నువ్వు కూడానా!" అన్నారు ఆఫీసరు గారు. ఆ గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

"ఉరకమన్నరు, ఉరికిన సార్."

"ఎక్కడ ఉరికావ్?"

"మెట్ల మీదికెళ్లి సార్."

"మెట్ల మీద నుంచి ఉరికావా! ఎన్ని మెట్లు?"

"అన్ని ఉరికిన సార్. ఒక్కటి ఇడువలే."

మిగతావాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకుని ఇంకా వేగంగా దిగారు. చాదర్ పట్టుకున్నవాళ్లు దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డారు. చివరివాడు కూడా వచ్చి సెల్యూట్ చేశాక ఆఫీసరు గారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు.

"ఈ జిల్లాలో గుండె ఉన్నవాడు ఒక్కడూ లేడా? నూతిలో ఉరుకుతానన్నవాడు గుడ్డ మీద ఉరకలేడా? వెళ్లండయ్యా, వెళ్లండి. ఒక్కరూ వద్దు."

గేటు వైపు నడుస్తుంటే బాలస్వామి అడిగాడు. "ఇంక ఎంత జల్ది ఉరకాలెనే? గుడ్డ మీద ఉరుకుడేంది, గింత గట్టి నేల ఉండంగ?"

రామన్నపేటలో మామగారు మంచం వాల్చడం, మంచినీళ్లివ్వడం, జాగా సంగతి ఎత్తడం కళ్లముందు కనిపిస్తోంది. సుగుణ వాకిట్లోకి కూడా రాదనిపించింది. వదిన ముందర ఆమె ఏమని చెప్పుకుంటుంది? ఇంజన్ పట్టాలు దిగిందనా?

పల్లికాయ మిల్లు

మేమింకా గేటు దాటలేదు. ఊరి దిక్కు నుంచి పొగ లేచింది. ఒకాయన సైకిల్ మీద వచ్చి, పల్లికాయలు వొలిచే మిల్లులో పొట్టు కుప్ప అంటుకుందని, పైన అటకలో ఒక ముసలామె చిక్కిందని చెప్పాడు. ఆఫీసరు గారు చుట్టూ చూశారు. చాదర్ పట్టుకోవాలంటే, పైపులు పట్టగా మిగిలిన మనుషులు చాలరు.

"మీరూ ఎక్కండి!" అన్నారు మాతో. "చేతులున్నాయిగా. గుండెతో పని లేదు."

మిల్లు దగ్గరికి చేరేసరికి పొట్టు ఎర్రగా రగులుతోంది. పల్లికాయ పొట్టు నిప్పు మీద నీళ్లు పోస్తే పైన ఆరి లోపల బతుకుతుంది. దాంతో తొందరపడకూడదని నాకు తర్వాత తెలిసింది. మాకు ఆ రోజు కావాల్సింది మాత్రం తొందరే. అటకకు పోయే కట్టె మెట్లు కింది భాగంలో అంటుకున్నాయి. పైన చిన్న కిటికీలో ముసలామె కనిపించింది, చేతిలో చాటతో.

మేం చాదర్ పరిచి చుట్టూ పట్టుకున్నాం. ఇది ఆరబెట్టేది కాదని నాకప్పుడు అర్థమైంది.

ఆఫీసరు గారు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచారు. "మామ్మా! ఉరుకు! భయం లేదు, ఉరుకు!"

ముసలామె తలూపి, కిటికీ వదిలి లోపలికి తిరిగింది.

మా దిక్కు మనిషి. ఉరకమంటే ఉరకడానికి ఆమెకున్న దారి ఆ మెట్లొక్కటే. ఆమె వీపు కనిపించడంతోనే పొద్దుటి నుంచి జరిగిందంతా నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఆ చాదర్, ఆ గోదాం, ఆయన ముఖంలోని బాధ, అన్నీ. నాకు తెలియకుండానే గొంతు లేచింది.

"ఉరకకు అవ్వా! ఉరకకు! దుంకు!"

ఆఫీసరు గారు నా వైపు తిరిగారు. ఆమెను దూకొద్దంటున్నానని ఆయనకు అర్థమైంది మరి. "నోర్ముయ్! ఉరుకు మామ్మా!" అన్నారు ఇంకా గట్టిగా. నేను ఇంకా గట్టిగా "ఉరకకు!" అన్నాను. ఆయన ఉరుకు అని, నేను ఉరకకు అని, ఇద్దరం పోటీ పడి అరిచాం. ఇద్దరమూ చెబుతున్నది ఒకటే.

కరీం సాబ్ ఆ సర్వీసులో ఏనాడూ ఆఫీసరుకు ఎదురు మాట్లాడి ఉండడు. ఆ రోజు మా ఇద్దరి నడుమకు వచ్చి, "సాబ్, జర చుప్" అన్నాడు. ఆఫీసరు గారు నిజంగానే చుప్ అయ్యారు. బహుశా ఆ ఒక్క ఉర్దూ మాట ఆయనకు అర్థమై ఉంటుంది.

ముసలామె మళ్లీ కిటికీలోకి వచ్చింది. దగ్గుతోంది, కోపంగా ఉంది.

"ఒక్కటే జెప్పుండ్రి! ఉరకాల్నా, దుంకాల్నా?"

"దుంకు అవ్వా! చాదర్ పట్టినం!"

"గింత మీదికెళ్లి దుంకితె కాళ్లిరుగయా కొడుకా?"

"ఇరుగయ్ అవ్వా, పట్టుకుంటం!"

ఆమె చాదర్‌ను చూసింది, నన్ను చూసింది. వెనక పొగ లోపలికి వస్తోంది.

"ఎవ్వరి పిల్లగానివి నువ్వు?"

"జడ్చర్ల అవ్వా! పల్లికాయల దుకాణం ఆశన్న కొడుకును!"

"ఆశన్న కొడుకువా" అన్నది. ఇంకేమీ అడగలేదు. ముందు చాట విసిరేసింది, తర్వాత తాను దుంకింది.

చాదర్ బరువుగా కిందికి పోయి ఆగింది. నా చేతులు భుజాల దాకా మంటపుట్టాయి. ముసలామె లేచి కూర్చుని, చీర సర్దుకుని, మా అందరినీ వరసగా చూసింది.

"ఒగలు ఉరుకుమంటరు, ఒగలు వద్దంటరు. మీ నడుమ నేను సచ్చెదాన్ని గదర" అన్నది. చాట వెతుక్కోవడానికి పోయింది.

అర్థమయ్యాక

నిప్పు పూర్తిగా ఆరాక ఆఫీసరు గారు నన్ను పక్కకు పిలిచారు. నేను నిలబడితే ఆయనా నిలబడే ఉన్నారు.

"ఉరుకు అంటే మీ భాషలో ఏమిటి? చేసి చూపించు."

మిల్లు ముందర కొంత దూరం ఉరికి చూపించాను.

"అది పరుగు" అన్నారు.

"మాకు ఉరుకుడు సార్."

"మరి నూతిలోకి ఉరుకుతానన్నావే?"

"నుయ్యంటె ఏంది సార్?"

ఆయన మీసం కొద్దిగా కదిలింది. "రేపు పొద్దున రండి. అందరూ" అన్నారు.

మర్నాడు మళ్లీ అదే గోదాం, అదే చాదర్. ఈసారి ఆఫీసరు గారు స్పష్టంగా, మా మాటలోనే, "దుంకు!" అన్నారు. బాలస్వామి కృష్ణలోకి దుంకినట్టే దుంకాడు. లాగు కూడా పనికొచ్చింది, అది వేసుకునే వచ్చాడు.

నా వంతు వచ్చింది. అంచు దాకా పోయి కిందికి చూశాను. నిన్న ఇదే మిద్దె మీద నాకు ఇసుమంత భయం లేదు. అర్థం కానంతసేపూ నేను చాలా ధైర్యవంతుణ్ణి. ఇప్పుడు అన్నీ అర్థమయ్యాయి, అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను. మెట్ల వైపు ఒకసారి చూశాను కూడా. అవి నిన్నటికంటే అందంగా ఉన్నాయి.

కింద చాదర్ పట్టుకున్న కరీం సాబ్ తలెత్తాడు.

"క్యా బీఏ సాబ్? మేం ఎవరి పిల్లలమో చెప్పాల్నా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో దుంకాను.

ధైర్యం గురించి మీకు చాలామంది చాలా చెబుతారు. నేను చెప్పేది ఇంతే. భయం లేదనేవాణ్ణి నా పక్కన చాదర్ పట్టుకోనివ్వలేదు నేను. భయం తెలిసినవాడి పట్టు గట్టిగా ఉంటుంది.

మమ్మల్ని తీసుకున్నారు. ఆ సంగతి చెబుతూ ఆఫీసరు గారు, "నువ్వు నా పక్కనే ఉండాలి. నేనన్నది వాళ్లకు చెప్పాలి, వాళ్లన్నది నాకు చెప్పాలి" అన్నారు. నన్ను ఫైర్‌మన్‌గా తీసుకున్నారా, దుబాసీగా తీసుకున్నారా అన్నది రిటైరయ్యేదాకా తేలలేదు.

మర్యాద వల్ల కలిగిన నష్టం

ఇక్కడితో గందరగోళం తీరిపోయిందని మీరనుకుంటే, మనుషులు మంచివాళ్లయితే ఏమవుతుందో మీకు తెలియదన్నమాట.

వెంకటరత్నం గారిలాంటి ఆఫీసరును నేను మళ్లీ చూడలేదు. తన మాట మాకు అర్థం కాలేదని మమ్మల్ని తిట్టడం మానేసి, మా మాట నేర్చుకోవాలని నిర్ణయించుకున్నారు. ఆ రాత్రి గదిలో కూర్చుని నేర్చుకున్నారు కాబోలు. మేమూ మర్యాద తెలిసినవాళ్లమే. పెద్దాయన అంత దూరం నుంచి వచ్చారు, ఆయన మాటే మనం అలవాటు చేసుకుందామని కరీం సాబ్ షెడ్డులో తీర్మానం చేశాడు. అందరం ఒప్పుకున్నాం. ఆయన మాకు చెప్పలేదు, మేం ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన దుబాసీ నేనే. మంచి పని చేస్తున్నాం కదా, చెప్పుకోవడమెందుకనుకున్నాను.

మొదటి డ్రిల్లు. మేం గోదాం వెనక ప్రహరీ గోడ మీద వరసగా నిలబడ్డాం. గోడ వెంబడి అటు చివరికి పరుగెత్తి నిచ్చెన అందుకోవాలి. ఆఫీసరు గారు మా మీద గౌరవంతో, మా భాషలో, "ఉరకండి!" అన్నారు.

మేం ఆయన మీద గౌరవంతో, ఆయన భాషలో, అందరం కలిసి గోడ మీది నుంచి కిందికి దూకాం.

కింద చాదర్ లేదు. మోటారు కడిగిన బురద ఉంది, అదే కాపాడింది. కరీం సాబ్ మడమ బెణికి కొన్నాళ్లు కుంటుతూ తిరిగాడు. ఆయన ఆఫీసరు గారిని తిట్టలేదు, నన్ను తిట్టాడు. "దోనో తరఫ్ మర్యాద ఎక్కువయింది. నువ్వెందుకున్నవ్ నడుమ?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనది.

అప్పటి నుంచి మా స్టేషన్లో ఏ ఆజ్ఞకైనా చేయి కూడా చూపించే పద్ధతి వచ్చింది. ముందుకు చూపితే ఒకటి, కిందికి చూపితే ఒకటి. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని గొప్ప శిక్షణ పద్ధతి అనుకున్నారు. దాని వెనక బురద ఉందని చెప్పి వాళ్ల నమ్మకం చెడగొట్టలేదు.

మీరూ ఏదో ఒక కొత్త జిల్లాకు పోతారు. పోయిన రోజే నీళ్లెక్కడున్నాయో కనుక్కుంటారు, అది సరే. నీళ్లను అక్కడ ఏమంటారో కూడా కనుక్కోండి.

జడ్చర్ల బస్సు

మొదటి సెలవు దొరకగానే ఖాకీ బట్టలు వేసుకుని రామన్నపేట పోయాను. మామగారు ఈసారి మంచం మీద దుప్పటి కూడా పరిచాడు. నన్ను టోపీ నుంచి బూట్ల దాకా చూశాడు.

"పోలీసా?"

"కాదు మామా. ఫైర్."

"ఇంజనా?"

"ఇంజన్ ఉంటది. పట్టాలుండయ్."

ఆయనకు తృప్తి కలగలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. కానీ మాట ఇచ్చిన మనిషి. "జాగ దొరికిందిగద, ఇగ తోలుకపో" అన్నాడు. వాకిట్లో సుగుణ వదిన నిలబడి ఉంది. సుగుణ ఆమె ముందు నుంచి పెట్టె పట్టుకుని, తలెత్తుకుని, అవసరమైన దానికంటే నెమ్మదిగా నడిచింది.

మా స్టేషనున్న ఊరికి హైదరాబాదు మీదుగా పోయే బస్సు దారిలో జడ్చర్లలో ఆగింది. మా ఊరే కదా అని దిగాను. రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్ముతున్నారు, సుగుణకు ఇష్టం. ఏరుకుంటూ ఉంటే వెనక బస్సు కదిలిన చప్పుడైంది. సుగుణ కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచింది.

"ఉరుకుండ్రి! బస్సు పోతాంది, ఉరుకుండ్రి!"

నేను పుట్టిన ఊరు. నేను పుట్టినప్పటి నుంచి విన్న మాట. అన్నది నా భార్య, రామన్నపేట మనిషి. అయినా సీతాఫలాలు గుండెకు హత్తుకుని, ఉరకాలా, దుంకాలా, దుంకాలంటే ఎక్కడి నుంచి దుంకాలి అని నేను నడిరోడ్డు మీద నిలబడి ఆలోచించాను.

ఆలోచన తేలేలోపు బస్సు మలుపు తిరిగిపోయింది. చివరికి ఎవరు ఆపించారో, దూరంగా ఆగింది. చేరేసరికి నాకు ఊపిరాడటం లేదు. కండక్టరు తలుపు దగ్గర నవ్వుతున్నాడు. సుగుణ అప్పటికే ఆయనకు అంతా చెప్పేసినట్టుంది.

"నౌకరి దొరికింది గని అన్నా" అంటోంది, "మనిషే దొరుకుతలేడు."